అయ్యగారి పొయ్యి కింద జాడీ

ఇంగ్లండులో మా సఫోక్ పల్లె చర్చికి నెహెమ్యా క్రేక్ అయ్యగారు పాదిరీగా వచ్చి మూడేళ్లయింది. వచ్చిన ఏడాదే, మే పండక్కి పూలు చుట్టి మేము చుట్టూ ఆడే స్తంభాన్ని నరికించి తన కోళ్లగూటికి వాసాలు వేయించుకున్నాడు. తర్వాత ఫిడేలు మానిపించాడు, బంతాట మానిపించాడు, క్రిస్మస్‌నాడు కూడా పనిలోకి పొమ్మన్నాడు. ఎవరైనా పళ్లు కనబడేలా నవ్వితే ఆయనకి కడుపునొప్పి వచ్చేది. నేను తాపీ మేస్త్రీని. ఇటుకలకి దైవభక్తి అక్కర్లేదు కాబట్టి నా పని మాత్రం సాగింది.

ఆయన కన్ను ఉర్సులా అవ్వ మీద పడింది. డెబ్భై ఏళ్ల మనిషి. ప్రతి మే పండక్కీ పాట ఎత్తుకునేది ఆవిడే. స్తంభం పోయాక తన గుమ్మంలో కూర్చుని పాడేది. నోరు మూసుకోమని అయ్యగారు కబురు పెడితే, "ఆయన్నే చెవులు మూసుకోమనండి, రెండు చేతులున్నాయిగా" అంది. ఆ నెలలోనే ఎవరిదో ఆవు చచ్చింది, ఇద్దరి ఇళ్లలో చిలికినా వెన్న పడలేదు. ఇంకేముంది, అవ్వ మంత్రగత్తె అయిపోయింది.

చర్చి వెనక పశువుల కొట్టంలో ఆవిడ్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. మంత్రగత్తె పెంచుకునే దయ్యం ఎలుకలాగో ఈగలాగో వెతుక్కుంటూ వస్తుందట, ఆవిడ్ని నిద్రపోనివ్వకుండా కాపలా కాస్తే బయటపడుతుందట. రెండో రోజు మధ్యాహ్నం ఈగ వచ్చింది. జూన్ నెలలో, పశువుల కొట్టంలో, ఈగ! అయ్యగారు అదంతా కాగితం మీద రాశాడు. ఆ కాగితం పట్నంలో జడ్జికి చేరితే అవ్వకి ఉరే.

"బార్నబీ, నువ్వూ చూశావుగా. సాక్షిగా ఇక్కడ గుర్తు పెట్టు," అన్నాడు నాతో.

"ఈగనైతే చూశానండి. మా ఇంట్లోనూ బోలెడున్నాయి. మా ఆవిడ్ని కూడా కూర్చోబెట్టమంటారా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు పీట ఎక్కినంత పని చేశాడు.

"నవ్వండి, నవ్వండి! మంత్రం వేసేవాళ్లే కాదు, దానికి విరుగుడని గుమ్మానికి గుర్రపునాడాలు కొట్టేవాళ్లు, తాయెత్తులు కట్టేవాళ్లు, అందరూ సైతాను బంట్లే. వాళ్ల పేర్లూ ఈ కాగితంలో ఎక్కిస్తాను!"

కొట్టంలో సగం మంది తల దించుకున్నారు. నాకు మాత్రం పోయిన చలికాలం గుర్తొచ్చింది. అయ్యగారి భార్య, అమ్మగారికి తెగని తలనొప్పి. పొయ్యి బండ బీటవారిందని అయ్యగారు నన్ను పిలిపించి, ఇంట్లోవాళ్లని బయటికి పంపి, ఒక మట్టి జాడీ చేతికిచ్చాడు. లోపలేముందో నా ముక్కే చెప్పింది. కదిపితే సూదులు గలగలమన్నాయి. చేతబడి తిప్పికొట్టాలంటే జబ్బుమనిషి ఉచ్చలో వంచిన గుండుసూదులు వేసి పొయ్యి కింద పాతాలని మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. "బండ గట్టిగా కూర్చోబెట్టు మేస్త్రీ," అన్నాడు నా మొహం చూడకుండా. కూర్చోబెట్టాను. ఇన్నాళ్లూ నోరెత్తనందుకు ఆ కొట్టంలో నిలబడి నా మీద నాకే అసహ్యం వేసింది.

"అయితే ఉండండి, గడ్డపార తెస్తాను," అన్నాను.

"గడ్డపారెందుకయ్యా?" అన్నాడు అవ్వకి కాపలా ఉన్న కానిస్టేబులు.

"ఒక పొయ్యి బండ లేపాలి. ఆ కాగితంలో ఎక్కించడానికి ఒక పేరు దొరుకుతుంది. ఎవరి పొయ్యో చెప్పమంటారా అయ్యగారూ?"

క్రేక్ మొహం సున్నం కొట్టినట్టయింది. కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"జూన్‌లో... ఈగలు మామూలే," అని కాగితం చించేశాడు.

లేవబోతే అవ్వ కాళ్లు పట్టేశాయి. నా భుజం పట్టుకుని నిలబడింది.

"అంత చదువు చదివాడు, ఈగని ఇవాళే చూశాడా పాపం?" అంది.

వారం తిరక్కుండా క్రేక్ మా పెరట్లోకి వచ్చాడు. అవతల వీధిలోంచి అవ్వ పాట వినబడుతోంది. జాడీ తవ్వి పారెయ్యమంటాడనుకుని పార అందుకున్నాను.

"తియ్యొద్దు, తియ్యొద్దు!" అన్నాడు గొంతు తగ్గించి. "ఆవిడిప్పుడు బయటే తిరుగుతోందిగా." నల్లకోటు కిందనుంచి ఇంకో జాడీ తీశాడు. "దీన్ని కూడా పక్కనే పెట్టు. ఇది నాది."

ఆవిడ మంత్రగత్తేనని నమ్ముతూనే, తన పరువు కోసం వదిలేశాడు. నేను పళ్లన్నీ కనబడేలా నవ్వాను.

"మీ పొయ్యి మీరే తవ్వుకోండి అయ్యగారూ," అన్నాను. "నాకు దైవభయం ఉంది."