నల్లమూల కార్డు

ప్రతి సోమవారం అవ్వకు కార్డు రాస్తాను. అవ్వకు రెండు చెవులూ వినపడవు, ఫోను చేసి లాభం లేదు. కాణిపాకం గుడివీధిలో టెంకాయలు అమ్ముతుంది. నన్ను పెంచింది ఆమే. తొమ్మిదో తరగతితో బడి మాన్పించినప్పుడు, రాయడం మాత్రం మానొద్దన్నదీ ఆమే. శనివారానికల్లా జవాబు వస్తుంది.

మా ఆయనకు నాయుడుపేటలో ఫ్యాక్టరీ పని. ఆదివారం ఒక్క పూట వస్తాడు. తక్కిన రోజులు తిరుపతిలోని ఈ ఒంటి గదిలో నేనూ, ఎనిమిది నెలల లోహితా. పాప కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అదంతా కార్డులో రాయను. 'మేమంతా క్షేమం' అని మొదలుపెట్టి, పన్ను వచ్చిందనో, కూర్చుంటోందనో రాసి ముగిస్తాను.

ఆ సోమవారం నేను రాస్తుంటే, పాప బుగ్గ మీది దిష్టిచుక్కను చెరుపుకుని అదే చేత్తో కార్డు లాగింది. మూల నల్లబడింది. అక్షరాల మీద పడలేదు కదా అని అలాగే పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. సాయంత్రం ఇంటావిడ శకుంతలమ్మకు నవ్వుతూ చెబితే ఆమె నవ్వలేదు.

"మూలకు నలుపా? ఏమ్మే, నీకు తెలీదా? ఎవురన్నా పోతే గదా అట్ల పూసి పంపేది. మా కాలంలో ఆ కార్డు ఇంట్లోకే తెచ్చేవాళ్లం కాదు."

పాపను చంకనేసుకుని డబ్బా దగ్గరికి పోయాను. అప్పటికే ఉత్తరాలు తీసుకుపోయారు. అవ్వ పక్కంగడి సుబ్బన్నకు ఫోను చేశాను.

"అన్నా, కార్డు మూలకు అంటింది కాటుకేనని, ఏమీ కాలేదని అవ్వకు రాసి చూపించవా?"

"నేను గూడూరులో కూతురింట్లో ఉండానమ్మా. ఆదివారం పోతా. ఆయమ్మకు అద్దాలు ఎతుక్కునేకే రెండు దినాలు పడతాది, భయపడొద్దు."

మర్నాడు ఇంకో కార్డు వేశాను. ఎంత తొందరగా రాసినా అది మొదటిదాని వెనకే కదా పోయేది.

గురువారం మధ్యాహ్నం అవ్వ గడపలో నిలబడి ఉంది. నన్ను చూసింది. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, నిద్రపోతున్న పాప రొమ్ము మీద చెయ్యి పెట్టింది. అలా చాలాసేపు ఉంది. తర్వాత కొంగుముడిలోంచి కార్డు తీసింది.

"సదవలేదు. సదివితే ఎవురో తెలిసిపోతాది గదా. బస్సెక్కేసినా."

పాప వేలిని ఆ మూల మీద ఆనించి చూపించాను. అవ్వకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది.

"దొంగదానా, నీ ఏలు కొరికేస్తా సూడు," అన్నది. కళ్లు తుడుచుకుంది.

అన్నం తిన్నాక, అయిదు గంటల బస్సుకు పోవాలన్నది, అంగడి మూసేసి వచ్చిందట. చేతులు కడుక్కుంటూ అడిగింది.

"నువ్వెట్లుండావు?"

క్యాలెండరు కాగితం వెనక 'క్షేమం' అని రాసి ఇచ్చాను. దూరంగా పట్టుకుని చదివింది.

"ఇది కార్డుల్లో ఉండేదే గదా. దీనికి నేను రావల్లనా?"

పెన్సిలు నా చేతిలోనే ఉంది. అవ్వ చాప పరుచుకుని, పాపను పక్కలో వేసుకుని పడుకుంది. నాలుగున్నరకు చెయ్యి తట్టి గడియారం చూపించాను. చూసి, అటు తిరిగింది.

ఆరు దాటాక లేచి కూర్చుని, కాగితం నా వైపు జరిపింది.

"బస్సు ఎల్లిపోయింది. ఇప్పుడు రాయి."