ఎడమ చివరి మనిషి

పొద్దున్నే స్కానర్ అద్దం తుడిచి, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, పాత ఫొటోల పెట్టె తెరవడం ఆ అమ్మాయి పని. ఊళ్లోని పాత ఫొటోలనూ ఉత్తరాలనూ కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టే ఆఫీసు అది. మాటకు ముందొకసారి, వెనకొకసారి "చరిత్ర ప్రజలది" అంటుందని తోటివాళ్లు ఆమెకు నినాదం అని పేరు పెట్టారు.

పాత ఫొటోల్లోని మనుషులు తమవాళ్లు దగ్గరికొస్తే అటు తిరుగుతారు. స్కాన్ చేశాక మాత్రం ఎలా ఉన్నవాళ్లు అలాగే ఉండిపోతారు. అందుకే ముందు బంధువులకు కబురు పెట్టి, వాళ్లొచ్చి చూసుకున్నాకే ఫొటోను అద్దం మీద పెట్టడం అక్కడి పద్ధతి. అదంతా వట్టి జాప్యమని నినాదానికి ఒళ్లు మండేది.

ఆ వారం మిల్లు సమ్మె ఫొటో వచ్చింది. సమ్మెలో ఉన్నవాళ్లను గుర్తుపట్టి పనిలోంచి పీకేద్దామని అప్పటి యజమాని గేటు దగ్గర తీయించాడు. సంగతి తెలిసి అందరూ కెమెరాకు వీపు చూపించారు. యజమానికి చూపించని మొహాలు ఇప్పుడు కూతుళ్లొస్తే, మనవలొస్తే ఒక్కొక్కటే తిరిగాయి. ఒక ముసలమ్మ తమ్ముణ్ణి చూసి, ఇంకా తల దువ్వుకోలేదేమిరా అని తిట్టి, ఏడ్చింది. చివరికి ఎడమ కొసన ఒక్క వీపు మిగిలింది.

అది తన తండ్రిదేమోనని ఊరవతల బట్టలు కుట్టుకునే ఒకావిడ కబురు పంపింది. ఆమె కడుపులో ఉండగా ఆయన మిల్లుకని వెళ్లి మళ్లీ రాలేదు. సమ్మెకు జడిసి పారిపోయాడన్నారు. తల్లి ఆ మాట మోస్తూనే పోయింది. పారిపోయినవాడి కూతురన్న పేరుతోనే ఈమెకు జుట్టు నెరిసింది. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం మిల్లు మేనేజరు వచ్చి కూర్చున్నాడు. ఫొటో మిల్లువాళ్లు పొరపాటున ఇచ్చారట, ఇప్పుడే కావాలట. తీసుకుపోతే అది మళ్లీ వెలుగు చూడదని అందరికీ తెలుసు. ఆఫీసు పెద్దాయన టీ తెప్పించాడు, రసీదు వెతికాడు, నెత్తిమీదున్న కళ్లజోడు కోసం అందరినీ అడిగాడు. ఎంతసేపని నాన్చుతాడు?

అప్పుడే కుట్టుపని ఆవిడ ఫోన్ చేసింది. బస్సు రైలు గేటు దగ్గర ఆగిపోయిందట.

"పెద్దమ్మా, ఇప్పుడు స్కాన్ చేస్తే ఆయన ఇంక తిరగడు. చెయ్యకపోతే అసలు ఫొటోయే ఉండదు," అంది నినాదం. ప్రజలు ప్రజలని వెయ్యిసార్లు పలికిన నోటితో, ఆ ప్రజల్లో ఒక్క మనిషిని ఏం చెయ్యమంటావని అడిగింది.

అవతల హారన్లు మోగుతున్నాయి.

"చేసెయ్యి తల్లీ. నాకోసం ఆగితే మిగతావాళ్లంతా పోతారు కదా. వీపైనా మిగలనీ."

కాంతి గీత అద్దం కింద ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. మేనేజరు ఫొటో చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ చెమటలు కక్కుతూ వచ్చేసరికి తెర మీద ఫొటో ఉంది. ఎడమ చివరి మనిషి మెడ సగం మళ్లింది. ఒక చెవి, దవడ, కంటి కొస. ఫొటో అంచు దాటి, బస్సు వచ్చే రోడ్డు వైపు చూస్తూ ఆగిపోయాడు.

"ఇక్కడే ఉన్నాడు," అందామె.

పెద్దాయన మెల్లగా తండ్రి పేరు అడిగి, సమ్మె చేసినవాళ్ల పేర్ల పక్కన చేర్చాడు. నినాదం క్షమించమని అడగబోయింది. ఆవిడ వినిపించుకోలేదు. స్టూలు లాగి, తెరకు ఎడమపక్కన, ఆయన చూపు వచ్చి పడేచోట వేసుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి ఆమెకు తెర కనిపించదు. ఆఫీసు మూసే వేళయినా ఎవరూ లెమ్మనలేదు.