జీరో టికెట్టు

బట్టలు నానబెట్టే ముందు మొగుడి చొక్కా జేబులు తడమడం గ్రేస్‌కు ఇరవై రెండేళ్ల అలవాటు. ఆమె జేబులు తడిమే అవసరం ఎవరికీ రాలేదు, ఆమె బట్టలకు జేబులే లేవు. ఉన్నదల్లా ఒక చేతిపర్సు. గ్యాస్ కనెక్షన్‌కు ఆమె ఆధార్ కార్డు కావాలని ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే బెంజమిన్ ఆ పర్సును మంచం మీద గుమ్మరించాడు. కార్డుతో పాటు పన్నెండు బస్సు టికెట్లు రాలిపడ్డాయి. అన్నీ ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లే. సగం నల్గొండ నుంచి కేతేపల్లికి, సగం కేతేపల్లి నుంచి నల్గొండకు.

"కేతేపల్లిల ఎవలున్నరు నీకు?"

ఎవరూ లేరు. గ్రేస్ బకెట్లో సబ్బుపొడి కలిపింది.

"ఊకెనే వస్తాంది గదా అని ఊర్లు వట్టి తిరుగుతున్నవా?"

వసారాలో కూర్చున్న అత్త సుక్కమ్మ ఊరుకుంటుందా. "మా కాలంల బస్సు ఎక్కాలంటె పానమన్న బాగుండొద్దు, పెండ్లన్న ఉండాలె. గిప్పుడు మొగుడు దఫ్తర్ల, పెండ్లాం బస్సుల."

కోపం రావలసిన మాటలే. రాలేదు. ఏడాదిగా గ్రేస్‌కు ఏదీ సరిగ్గా రావడం లేదు, ఏడుపుతో సహా. సర్కారు బడిలో మధ్యాహ్నం వంట ఆమె పని. ఆ మధ్య క్యాబేజీ తరుగుతూ వేలు కోసుకుంటే, ఆకులు ఎర్రబడ్డాయని తోటి వంటామె ఎస్తేరు చెప్పేదాకా తెలియలేదు. నూట ఇరవై మంది పిల్లలకు వండాలి, వడ్డించాలి, గిన్నెలు తోమాలి. టీచరమ్మలు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు కూడా తోమాలి. "నీ చెయ్యి పడితె మెరుస్తయ్ గ్రేసమ్మా" అన్న మెచ్చుకోలే ఆ పనికి కూలి. ఇంటికొస్తే ఫ్లోరైడు నీళ్లకు వంగిపోయిన అత్త మోకాళ్లకు నూనె రాయాలి. అయిదున్నరకు బెంజమిన్ టీ అడిగేలోగా ఇదంతా అయిపోవాలి. మొన్నటిదాకా అలాగే అయ్యేది.

మూడు వారాల కింద బడి నుంచి వస్తుంటే ఊరి నడుమ గడియారం కూడలి దగ్గర కాళ్లు మొరాయించాయి. ముందు ఆగిన బస్సెక్కి కిటికీ పక్కన కూలబడింది. కండక్టరు తిరుమల "యాడికి అక్కా?" అంటే బస్సు బోర్డు మీదున్న పేరే చెప్పింది.

నల్గొండ ఆమె పుట్టి పెరిగిన ఊరే. కానీ ఇన్నాళ్లూ ఆమె చూసిన నల్గొండంతా నేల మీదిదే. బిందె తొణకకుండా, చంకలో పిల్ల జారకుండా, కూరగాయల సంచి తెగకుండా చూసుకుంటూ నడిచిన దారులు. బస్సు కిటికీలోంచి మొదటిసారి మేడల పైఅంతస్తులు కనిపించాయి. బజారులో ఒక పాత మేడ నుదుటన ఉర్దూ అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. పదో తరగతిలో ఎవరికీ చెప్పకుండా సినిమా చూసిన టాకీసు ఫంక్షన్ హాలైపోయింది. తెల్లకోట్లు వేసుకున్న ఆడపిల్లలు రోడ్డు పక్కన నిలబడి, తొందరేమీ లేనట్టు చాయ్ తాగుతున్నారు. చిన్నప్పుడు అవ్వతో కలిసి పిడకలేరిన పానగల్లు చెరువు, కృష్ణ నీళ్లొచ్చి అంచుల దాకా నిండి ఉంది. ఒళ్లంతా మొద్దుబారినా ఈ ఊరి మీది ప్రేమ మాత్రం తనలో బతికే ఉందని ఆ కిటికీ దగ్గరే ఆమెకు తెలిసింది. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఎక్కుతోంది. పోనూ రానూ పట్టే ఆ రెండు గంటలూ ఎవరూ ఆమెను ఏదీ అడగరు. తనదంటూ ఆమెకున్నది అదొక్కటే, ఇప్పుడు దానికే ఎసరొచ్చింది.

బెంజమిన్‌కు ఇదంతా చెప్పొచ్చు. కూర్చోవడానికి పోయానంటే, ఇంట్లో కుర్చీలు లేవా అంటాడు. ఉన్నాయి, నాలుగు. రోజూ వాటిని తుడిచేది ఆమే.

అతను ఆఫీసులో అటెండరు. ఫైళ్లు ఎక్కడ పెట్టాలో బాగా తెలిసినవాడు. ఆధార్ కార్డును బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "పనుంటె అడుగు, ఇస్త. ఊకెనే తిరుగుడు బంద్" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం అతనికి ఏనాడూ రాలేదు.

సోమవారం బడి గిన్నెలు తోమి గ్రేస్ గడియారం దగ్గరికి నడిచింది. టీచరమ్మల డబ్బాలు తోమలేదు. మర్చిపోయి కాదు. బస్సు వచ్చింది. కండక్టరు ఆ తిరుమలే.

"కార్డు జూపియ్యి అక్కా."

"లేదు."

"లేకుంటె టికెట్ గొట్టాలె మరి. దిగుతవా?"

"కొట్టు" అంది గ్రేస్, పర్సు తీస్తూ.

ఆ రోజు పానగల్లు దాటాక ఎందుకో వేలి మీది కోతమచ్చ సలిపింది. నెల కిందటి నొప్పి, ఇప్పుడొచ్చింది. ఆమె ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. బాగానే అనిపించింది.

ఆమె ఇంటికొచ్చేసరికి ఆరయింది. బెంజమిన్ గడపలో నిలబడి ఉన్నాడు. గ్రేస్ టీ పెట్టి తెచ్చి, కప్పు పక్కన ఆ రోజు టికెట్లు రెండూ పెట్టింది.

"మళ్ల వొయినవా? కార్డు లేకుండ ఎట్ల ఎక్కిచ్చుకున్నరు?"

"ఊకెనే పోలే. పైసలిచ్చిన."

అతను టికెట్లు తిరగేశాడు. వాటి మీద ధర ఉంది. ఆ ధర కన్నా ఆమె గొంతే అతనికి కొత్తగా తోచినట్టుంది.

"పైసలు వెట్టి మరీ యాడికి పోయినవ్?"

గ్రేస్ కుర్చీ లాక్కుని, ఈసారి తుడవకుండా, అందులో కూర్చుంది.

"యాడికి పోలే. కూసున్న" అంది. "రేపు గూడ కూసుంట."