రెండో సూది

పెరట్లో తలకు నీళ్ళు పోసుకుంటున్నాను. మేకల నెత్తురు ముట్టుకున్నదాన్ని కదా, రోజూ తలస్నానం చేస్తేగానీ మా అత్త కృష్ణమ్మ వంటింట్లోకి రానివ్వదు. జలుబు చేసినా అంతే. లోపల ఎసరు కాగుతోంది, నేను వెళ్ళి సంగటి కెలకాలి. "అత్తా, నీ థైరాయిడ్ పరీక్షలాంటి వాటిలో మేకల నుంచి తీసిన యాంటీబాడీలు కూడా వాడతారు" అని ఒకసారి చెప్పాను. "తూ, నోరు కడుక్కో పో" అంది.

పుంగనూరు దగ్గర మా ల్యాబులో ఇరవై మేకలున్నాయి. కావలసిన ప్రోటీన్‌ను వాటికి సూదితో ఎక్కిస్తాం. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు మేక ఒంట్లో పుడతాయి. యాంటీబాడీకి ఆ ప్రోటీన్ మొత్తం అక్కర్లేదు, పైనున్న ఒక్క వంపు కనబడితే చాలు, గుర్తుపట్టేస్తుంది. మొదటి సూదికి రెండు వారాలు పడుతుంది, అదీ కొద్దికొద్దిగా. రెండో సూదికి మాత్రం నాలుగైదు రోజుల్లోనే బోలెడు పుడతాయి. అప్పుడు నెత్తురు తీసి, సీరం వేరుచేసి, శుద్ధిచేసి పంపుతాం. కుప్పంలో పెట్టబోయే కొత్త ల్యాబుకు ఇన్‌చార్జిగా మా ల్యాబు పెద్ద ఆదిలక్ష్మి మేడం నా పేరు రాసింది. రేపటిలోగా నేను ఒప్పుకోవాలి.

జుట్టు పిండుకుంటుంటే మా ఆయన గడపలోకి వచ్చాడు.

"మీ మేడానికి ఫోన్ చేసి, నువ్వు కుప్పానికి రాలేవని చెప్పేసినా. నీకు యాల ఈ టెన్షనంతా? అమ్మకు ఒంట్లో బాగలేదు, ఈడ ఎవురుండారు?"

ఎంత మెత్తటి గొంతో! మూడేళ్ళ క్రితం మదనపల్లె బ్రాంచిలో సూపర్‌వైజర్ పని వచ్చినప్పుడూ నేను రాలేనని ఇలాగే చెప్పేశాడు. నా మీద ఎంత ప్రేమ అని మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని. నాకు కోపం రావడానికి నెల పట్టింది. అప్పటికి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఈసారి వాళ్ళమ్మ సంగతీ టెన్షన్ సంగతీ నా చెవికెక్కనే లేదు. 'చెప్పేసినా' అన్న ఒక్క ముక్క చాలింది.

బయట మేకుకు తగిలించిన ల్యాబు సంచిలోంచి ఫోన్ తీశాను.

"మేడం, వసుధను. మా ఆయన చెప్పింది ఆయన మాట. నేను కుప్పానికి వస్తాండాను."

"నీ నోటితో చెప్పినావు కదమ్మా, సాలు. ఆర్డర్ రాపిస్తా."

నా జుట్టు నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. లోపలినుంచి అత్త కేకేసింది.

"ఎసరు పొంగతాండాది! సంగటి ఎవురే కెలికేది?"

"మునిచంద్ర ఉండాడు కదత్తా" అన్నాను. మొగుడి పేరు పలకకూడని ఆ ఇంట్లో, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, అదే మొదటిసారి.