కేలెబ్ నేర్పాడట

వసుమతి ఇంట్లో ఒక నియమం ఉండేది. పక్కింటి కేలెబ్ ఆ ఇంటికి ఎప్పుడైనా రావచ్చు, ఎంతసేపైనా ఆడుకోవచ్చు, ఆకలేస్తే తినవచ్చు. ఆమె కొడుకు శ్రేయాస్ మాత్రం కేలెబ్ వాళ్ళింట్లో అడుగు పెట్టకూడదు. అక్కడ తుపాకుల గేమ్ ఉంది. తెర మీద సైనికులు ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటుంటే తొమ్మిదేళ్ళ పిల్లలు చిప్స్ తింటూ చూడడమేమిటి, రేపు వీళ్ళు ఏమైపోతారు అని ఆమె భయం. ఆ భయం తప్పని ఎవరూ అనలేరు.

కాకపోతే అదే వసుమతి, భర్త ఉదయ్‌తో కలిసి, అదే శ్రేయాస్‌ను ప్రతి పెద్ద తెలుగు సినిమాకీ మొదటి ఆటకే తీసుకెళ్ళేది. ఇండియాలో ఆ సినిమా పోస్టరు మీద పెద్దలకు మాత్రమే అనే అక్షరమైనా ఉంటుంది. అమెరికాలో, వాళ్ళుండే అల్ఫారెట్టా థియేటరులో అదీ లేదు. రేటింగ్ వేయని సినిమా అని రాసి ఉంటుంది, అంతే. తలుపు దగ్గర టికెట్ స్కాన్ చేసే అమ్మాయికి మన కథానాయకుడు లోపల ఎంతమందిని నరుకుతాడో ఎలా తెలుస్తుంది? పైగా మనవాళ్ళ దగ్గర ఒక గట్టి సాకు ఉంది. పిల్లలకు తెలుగు వస్తుంది. వాళ్ళ గేమ్ అయితే హింస, మన సినిమా అయితే భాషాసేవ. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు కదా, ఆ గింజ అట్లాంటా చుట్టుపక్కల బాగా పండుతుంది.

శ్రేయాస్‌కు తెలుగు వచ్చింది కూడా. స్నేహితులు హర్షవర్ధన్, విజయశ్రీల ఇంట్లో వారాంతపు విందులకు తలా ఒక వంటకం పట్టుకుని అందరూ చేరేవాళ్ళు. భోజనాలయ్యాక పిల్లల్ని బేస్‌మెంట్ నుంచి పైకి పిలిచేవాళ్ళు.

"శ్రేయాస్, అంకుల్‌కి ఆ డైలాగ్ చెప్పు నాన్నా."

శ్రేయాస్ చాలా బిడియస్తుడు. పేరడిగితే తల్లి వెనక దాక్కునే రకం. అలాంటివాడు నడి హాల్లో నిలబడి, చొక్కా చేతులు మడిచి, కళ్ళెర్రజేసి, "నా వాళ్ళ జోలికొస్తే నీ తల తెంచి నీ గుమ్మానికే తోరణం కడతా" అనేవాడు. చివర్లో బొటనవేలితో గొంతు మీద అడ్డంగా గీసేవాడు. ఆంటీలు చప్పట్లు కొట్టేవాళ్ళు. "ఇక్కడ పుట్టిన పిల్లాడికి ఎంత స్పష్టంగా వచ్చిందో చూశారా" అని మురిసిపోయేవాళ్ళు. ఒత్తులన్నీ సరిగ్గా పలికాడని వసుమతి కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

కేలెబ్‌కు ఇవేవీ తెలియవు. వాడికి తెలిసిందల్లా వసుమతి పెట్టే ముద్దపప్పు, నెయ్యి. తల్లి రెనీ ఆస్పత్రిలో నర్సు, తండ్రి వాళ్ళను విడిచి వెళ్ళిపోయాడు. ఆమెకు డ్యూటీ ఆలస్యమైనప్పుడు వాడు ఇక్కడే తిని, ఇక్కడే హోంవర్క్ చేసుకునేవాడు. వసుమతి నియమం సంగతి రెనీకి తెలుసు. "మీ పిల్లాడు, మీ రూల్స్" అని నవ్వేసేది. స్కూల్లో శ్రేయాస్ నోరు విప్పి మాట్లాడేది ఒక్క కేలెబ్‌తోనే అని టీచరే చెప్పింది. వాడికి ఉన్న స్నేహితుడు ఆ ఒక్కడే.

ఆ రోజు లంచ్ సమయంలో పై క్లాసు కుర్రాడొకడు కేలెబ్ ట్రేలో పాలు ఒలకబోసి, మీ నాన్న నీ మొహం చూడలేకే పారిపోయాడట కదా అన్నాడు. కేలెబ్ ఏడ్చాడు. శ్రేయాస్ లేచి నిలబడ్డాడు. చొక్కా చేతులు మడిచాడు. తెలుగులో చెబితే ఆ కుర్రాడికి తెలియదు కనుక మనసులోనే ఇంగ్లీషులోకి మార్చుకుని, ఒక్కొక్క మాటా విడదీసి, తల తెంచడం, గుమ్మానికి కట్టడం, ఏదీ వదలకుండా చెప్పాడు. గొంతు మీద వేలు కూడా గీశాడు. చెప్పాక అలవాటు కొద్దీ కాసేపు ఆగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ఆడపిల్ల ఏడుస్తూ టీచరు దగ్గరికి పరుగెత్తింది.

స్కూలు నుంచి ఫోన్ వచ్చేసరికి ఉదయ్ ఆఫీసులో మీటింగులో ఉన్నాడు. దారిలో వసుమతిని ఎక్కించుకుని వెళ్ళాడు. గదిలో అసిస్టెంట్ ప్రిన్సిపల్, కౌన్సెలర్ మిస్ పామర్, ఒక మూల నడుముకు తుపాకీ పెట్టుకున్న పోలీసు ఆఫీసర్ ఉన్నారు. శ్రేయాస్ కుర్చీలో కాళ్ళు నేలకు అందక వేలాడేసుకుని కూర్చున్నాడు. ఈ దేశంలో స్కూళ్ళలో ఏమేం జరిగాయో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ ఎవరూ దీన్ని పిల్లాట అని కొట్టిపారేయలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మిస్ పామర్ మెత్తగానే అడిగింది. "చాలా వివరంగా ఉన్న బెదిరింపు ఇది. ఈ వయసు పిల్లాడికి ఇలాంటి ఊహ ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? ఇంట్లో ఏం చూస్తాడు?"

ఉదయ్ ఆ ఆఫీసర్ నడుము వైపే చూస్తున్నాడు. అతని వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగులో ఉంది. గ్రీన్ కార్డు సంగతి దేవుడికెరుక. మేమే తీసుకెళ్ళి చూపించాం, మేమే పదిమందిలో చెప్పించాం అంటే ఏం రాసుకుంటారో, అది ఏ కాగితంలోకి ఎక్కి ఎక్కడిదాకా పోతుందో అని అతని భయం.

"పక్కింటి అబ్బాయి ఇంట్లో షూటింగ్ గేమ్స్ ఉన్నాయి" అన్నాడు. "మేము వద్దంటూనే ఉన్నాం. కేలెబ్ దగ్గర నేర్చుకుని ఉంటాడు."

కాల్చుకునే ఆటలో తోరణాలు ఎవరు కడతారని ఎవరికీ తోచలేదు. వసుమతి తన హ్యాండ్‌బ్యాగు జిప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

"అవునా శ్రేయాస్?" అంది మిస్ పామర్.

వాడు తల ఎత్తి తండ్రి వైపు చూశాడు. ఉదయ్ కనుబొమలు ముడిచాడు. వాడు "యెస్" అన్నాడు.

 కార్లో వెనక సీటులో నుంచి శ్రేయాస్ అడిగాడు.

"నాన్న, కేలెబ్‌కి ట్రబుల్ వస్తదా?"

"రాదు నాన్నా. వాళ్ళు సిటిజెన్స్. వాళ్ళకేం కాదు."

శ్రేయాస్ ఆ కుర్రాడికి సారీ చెప్పాడు. కొన్నాళ్ళు కౌన్సెలర్ గదికి వెళ్ళివచ్చాడు. దాంతో వాడి గొడవ తీరింది. కేలెబ్ గొడవ అప్పుడు మొదలైంది. వాణ్ణి పిలిచి ప్రశ్నలడిగారు. వాడి పుస్తకంలో సైనికుడి బొమ్మ ఉంది, ఆ సైనికుడి చేతిలో తుపాకీ ఉంది. ఆఫీసర్ రెనీ ఇంటికి వెళ్ళి మర్యాదగానే ఇంట్లో ఆయుధాలున్నాయా అని అడిగాడు. జింకల వేటకు కేలెబ్ నాన్న వాడిన రైఫిల్ ఒకటి ఇనుప బీరువాలో తాళం వేసి ఉంది. జార్జియా రాష్ట్రంలో అది నేరం కాదు. కానీ కబురు రెక్కలు కట్టుకుని ఎగిరింది. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో విజయశ్రీ పెట్టింది, "ఆ ఇంట్లో గన్ ఉందట, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి" అని. కింద అందరూ థాంక్స్ చెప్పారు. వసుమతి కూడా చూసింది. ఏమీ రాయలేదు. పిల్లలిద్దరినీ కొన్నాళ్ళు దూరంగా ఉంచడం మంచిదని స్కూలు వాళ్ళు కేలెబ్‌ను వేరే సెక్షన్‌కు మార్చారు. పుట్టినరోజు పిలుపులు వాడికి ఆగిపోయాయి.

హర్షవర్ధన్ ఇంట్లో మళ్ళీ కలిసినప్పుడు శ్రేయాస్ డైలాగు సంగతే వచ్చింది. అతను బిర్యానీ వడ్డించుకుంటూ, "సినిమా చూసి నరికేటట్టయితే మన జనరేషన్ మొత్తం జైల్లో ఉండాలి కద భాయ్. మనం చిన్నప్పటి నుంచి చూస్తనే ఉన్నం, ఎవర్నన్న పొడిచినమా?" అన్నాడు.

ఉదయ్‌కు ఆ మాట హాయిగా అనిపించింది. నిజమే కదా అనుకున్నాడు. ఆ హాయి ఇంటికి వచ్చేదాకా కూడా నిలవలేదు.

"పొడవలేదు సరే" అంది వసుమతి కార్లోనే. "సినిమా వాడికి మాట నేర్పింది. అది గొప్ప పని అని నేర్పింది మనం. చప్పట్లు కొట్టింది తెర కాదు కదా."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"వెళ్ళి చెప్పు. ఆ గేమ్ కాదు, మా సినిమా అని చెప్పు. రెనీకి చెప్పు, స్కూల్లో చెప్పు. నేనూ వస్తాను. ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నందుకు నాకు నిద్ర పట్టట్లేదు ఉదయ్."

"వీసా అప్రూవల్ రానీ. వచ్చాక చెబుతా. ఇప్పుడు మళ్ళీ కెలికితే రికార్డ్స్‌లో ఏం రాస్తారో మనకేం తెలుసు?"

ఉదయ్ చెడ్డవాడు కాదు. ఎవరి కారు ఆగిపోయినా బ్యాటరీ కేబుల్స్ పట్టుకుని పరుగెత్తేవాడు. భయస్తుడు, అంతే. భయస్తుడి మంచితనం ఎప్పుడూ వచ్చే వారానికి వాయిదా పడుతుంటుంది. రెనీ కారు దిగుతూ కనిపిస్తే అతను గరాజ్‌లో ఏదో వెతుకుతున్నట్టు లోపలికి జరిగేవాడు. కేలెబ్ మునుపటిలా గుమ్మంలోకి రావడం మానేశాడు. వసుమతి ముద్దపప్పు చేసి పంపితే, గిన్నె శుభ్రంగా కడిగి థాంక్స్ చెప్పి ఇచ్చి వెళ్ళేవాడు, లోపలికి రమ్మంటే హోంవర్క్ ఉందనేవాడు. శ్రేయాస్ కిటికీలో నుంచి చూసి మెట్లెక్కి పైకి పోయేవాడు. స్కూల్లో ఎవరితోనూ మాట్లాడటం లేదని టీచర్ మళ్ళీ చెప్పింది.

అప్రూవల్ చలికాలం చివర్లో వచ్చింది. ఉదయ్ మర్నాడే, మాట తప్పకుండా, వసుమతితో స్కూలుకు వెళ్ళాడు. మిస్ పామర్ అంతా వింది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. "ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది" అంది. "మీ మీద ఏ చర్యా ఉండేది కాదు. పిల్లాడికి ఏం చూపించాలో మాట్లాడుకునేవాళ్ళం, అంతే. కేలెబ్ సంగతి నేను సరిదిద్ది ఉండేదాన్ని. వాళ్ళమ్మ వాణ్ణి ఇక్కడ మాన్పించింది. మేకన్ ఊళ్ళో అమ్మమ్మ దగ్గర చదివిస్తుందట."

ఇన్నాళ్ళూ దేనికి వణికాడో అది అసలు లేనే లేదు. ఉదయ్ సిగ్గుతో చచ్చిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తిట్టుకుంటూ ఇల్లు చేరేసరికి, రెనీ వాకిట్లో అద్దె ట్రక్కు నిలబడి ఉంది. ఆమె అట్టపెట్టెలు ఎక్కిస్తోంది.

"శ్రేయాస్, రా నాన్నా, కేలెబ్‌కి బై చెబుదాం" అని వసుమతి పిలిచింది.

"నేను రాను" అన్నాడు వాడు మెట్ల మీద నుంచి. "వాడు నన్ను అడుగుతడు. ఐ డోంట్ వాంట్ టు లై అగైన్ అమ్మ."

ఆ మాట విన్నాక ఉదయ్ ఒక్కడే వెళ్ళాడు. రెనీ ముందు నిలబడి, దాచకుండా చెప్పాడు. ఆమె పెట్టెకు టేపు అంటించడం ఆపలేదు.

"నాకు తెలుసు ఉదయ్" అంది. "ఆ గేమ్ నేనూ వాడితో ఆడాను. అందులో అలాంటిదేమీ లేదు. భయపడి ఏదో చెప్పి ఉంటావనుకున్నాను. వస్తావని చాలా రోజులు చూశాను."

"ఐయామ్ సో సారీ రెనీ."

"సారీ చెప్పాల్సింది నాకు కాదు. నేను నమ్మలేదు కాబట్టి నాకేం నొప్పి లేదు. వాడు నమ్మాడు. నువ్వు చెప్పావని కాదు, శ్రేయాస్ కూడా అవునన్నాడని నమ్మాడు. బస్సులో అడిగితే శ్రేయాస్ తల దించుకున్నాడట. తన ఫ్రెండ్ అబద్ధం చెప్పడని వాడి నమ్మకం. ఆ రోజే గేమ్ తీసుకెళ్ళి చెత్త డబ్బాలో పడేశాడు. నేను పడేయమనలేదు."

అప్పుడే కేలెబ్ ఒక దిండు పట్టుకుని బయటికి వచ్చాడు. ఉదయ్‌ను చూసి ఆగాడు. దిండు కింద పెట్టి, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు తల్లి నేర్పినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"మిస్టర్ ఉదయ్, సారీ" అన్నాడు. "నా వల్ల శ్రేయాస్ అలా అయ్యాడు. నేను ఇంక ఆ గేమ్ ఆడను. మీరు వాణ్ణి కోప్పడొద్దు. వాడు నాకోసమే అలా అన్నాడు."

ఉదయ్ గడ్డి మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. "లేదు కేలెబ్. నువ్వేం చేయలేదు. ఆ మాటలు మా సినిమాలోవి. నేనే వాడికి చూపించాను. నీ పేరు చెప్పి నేను అబద్ధం ఆడాను. వాడు నాకు భయపడి అవునన్నాడు. తప్పంతా నాది."

కేలెబ్ చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఉదయ్ భుజం మీద మెల్లగా తట్టాడు.

"ఇట్స్ ఓకే" అన్నాడు. "నేను బాధపడకూడదని మామ్ కూడా ఇలాగే చెబుతుంది."

ఉదయ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాడు. వాడు మర్యాదగా తల ఊపి, దిండు తీసుకుని వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. రెనీ వాడికి బెల్టు పెట్టింది.