అద్దాల బీరువాలు

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో ఒక చెరకు పరిశోధన క్షేత్రం ఉండేది. చెరకును తినే పురుగులను పట్టి భద్రపరచడం అక్కడ భోజన్న పని. 1958లో రోజుకూలీగా చేరాడు. తొమ్మిదేళ్ళలో పన్నెండు వందల పురుగులను రెక్కలు విప్పి, సన్నటి సూదులకు గుచ్చి, టేకు పెట్టెల్లో వరసగా పెట్టాడు. ప్రతి సూది కింద ఒక చీటీ ఉండేది. ఏ ఊరు, ఏ తారీకు, ఎవరు తెచ్చారు. మొదటి ఏళ్ళ చీటీలు ఉర్దూలో రాశాడు, తర్వాతవి తెలుగులో.

సగానికి పైగా చీటీల మీద ఉన్న పేరు తారాబాయిది. పక్క తండా మనిషి, చెరకు నరికే కూలీ. నడిమి లేత మొవ్వ వాడిన గడను గట్టు మీద నుంచే గుర్తుపట్టేది. తొలిచిన చోటు కిందికి గడను నరికి, లోపల పురుగు బతికుండగానే తెచ్చి ఇచ్చేది. అది సీసాలో రెక్కల పురుగై బయటికి వచ్చేదాకా ఇద్దరూ పొద్దున పొద్దున వచ్చి చూసేవాళ్ళు.

1967లో కొత్త భవనం కట్టారు. పురుగులకు ఒక గది ఇచ్చారు. పాత పెట్టెలు చాలడం లేదు కాబట్టి కొత్తవి కొనాలి. ఏవి కొనాలో తేల్చే పని పురుగుల విభాగం ఆఫీసరు రామస్వామి మీద పడింది. నిజామాబాద్‌లో ఒక దుకాణంలో రెండు రకాలు ఉన్నాయంటే చూడటానికి వెళ్ళాడు. భోజన్నను వెంట తీసుకుపోయాడు. కొలతలకు నాలుగు పాత పెట్టెలు మోసుకొచ్చింది తారాబాయి.

ఒకటి ఇనుప బీరువా. లోపల చెక్క సొరుగులు, ఒక్కో సొరుగుకు బిగుసుకునే మూత. రెండోది నిలువెత్తు అద్దాల బీరువా. భోజన్న జేబులోంచి పలచటి కాగితం ముక్క తీశాడు. సొరుగుకు మూత పెట్టి సందులో దూర్చబోయాడు. దూరలేదు. అద్దాల తలుపు మూసి దూర్చాడు. కాగితం పై నుంచి కింది దాకా ఎక్కడా ఆగకుండా జారింది.

“సార్, కాయితం వోయే సందుల నుసిపురుగు గూడ వోతది. లోపట గుడ్లు వెట్టిందంటె ఎండిన పురుగుల్ని పిండి జేస్తది. వెలుతురుకు రెక్కల రంగు గూడ వోతది. గీ మూతలయే తీసుకుందాం సార్.”

రామస్వామి కోప్పడలేదు. “నువ్వు చెప్పేది నిజమే కావచ్చు భోజన్నా. కానీ ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు ఒక్కో మూతా తీసి చూపించమంటావా? అద్దాలైతే నడుస్తూనే చూసి వెళ్తారు.” బస్సు కోసం నిలబడ్డప్పుడు నెమ్మదిగా అన్నాడు. “నిన్ను పర్మనెంట్ చేసే ఫైలు నా బల్ల మీదే ఉంది. ఎల్లుండి కమిటీ నిన్నూ అడుగుతుంది. చూసి చెప్పు.”

మూడోనాడు కమిటీ అడిగింది. పురుగులను చూసుకునేవాడివి నువ్వే కదా, ఏవి మంచివి అని. “అద్దాలయే మంచిగున్నయి సార్” అన్నాడు భోజన్న. ఆ మాట వాళ్ళు కాగితం మీద రాసి ఇస్తే కింద సంతకం పెట్టాడు.

బయట, లోపలి మాటలు వినబడేంత దగ్గర్లో తారాబాయి కూర్చుని ఉంది.

“అన్నా, కాయితం జారంగ నేను సూసిన గదా. మరి గట్లెందుకు చెప్పినవ్?”

“నీకెందుకు తారాబాయి. నీ పని నువ్వు జూస్కో” అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే అతని ఉద్యోగం పర్మనెంట్ అయింది. అతని భార్య లింగవ్వ ఊరంతా బెల్లం పంచింది. ప్రారంభం నాడు పెద్దవాళ్ళు అద్దాల ముందు నిలబడి ఫోటో దిగారు. రామస్వామి ప్రమోషన్ మీద హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

రెండో వానాకాలానికి సూదుల కింద గోధుమరంగు పొడి కనిపించింది. భోజన్న నాఫ్తలిన్ గోలీలు పోశాడు. వాసన సందుల్లోంచి గదిలోకి వచ్చేది కానీ బీరువాలో నిలిచేది కాదు. వెలుతురు పడకుండా పడమటి కిటికీకి గోనెసంచులు కట్టాడు. అందం చెడిందని కొత్త ఆఫీసరు విప్పించాడు. మూతల పెట్టెలు కావాలని రెండుసార్లు అర్జీ రాశాడు. మీరు ఎంచినవే కదా అని రెండుసార్లూ జవాబు వచ్చింది.

1971లో వర్ని వైపు చెరకు మొవ్వలు ఎండిపోవడం మొదలైంది. ఒక శాస్త్రవేత్త వచ్చి, ఇలాంటి పురుగే 1959లో అక్కడ పట్టినట్టు రిజిస్టరులో ఉంది, పక్కన పెట్టి పోల్చాలి, తీయమన్నాడు. భోజన్న తలుపు తీశాడు. ఆ వరస పొడుగునా సూదులు, చీటీలు మాత్రమే ఉన్నాయి.

విచారణ పెట్టారు. భోజన్న తండాకు వెళ్ళాడు.

“నేను సందు పరీక్ష జేసిన్నని నువ్వొచ్చి చెప్పు తారాబాయి. సార్ గాక నువ్వొక్కదానివే సూసినవ్.”

“చెప్త. సూసిన్నని చెప్త. అంత తెలిసీ సంతకమెందుకు వెట్టిండని అడుగుతరు గద. గప్పుడేం జెప్పాలె?”

భోజన్న వెనక్కి వచ్చేశాడు. ఆమెను సాక్ష్యానికి పిలిపించలేదు.

విచారణలో అతని సంతకం ఉన్న కాగితం చూపించారు. ఇది నీదేనా అంటే నాదే అన్నాడు. ఎవరైనా చెప్పమంటే చెప్పావా అని అడిగారు. హైదరాబాద్‌లో పెద్ద కుర్చీలో ఉన్న మనిషి పేరు చెప్పడానికి నోరు రాలేదు. సంరక్షణలో నిర్లక్ష్యం అని రాసి అతన్ని నీళ్ళ పంపు దగ్గరికి మార్చారు. పురుగులను మళ్ళీ మొదటి నుంచి పట్టమని ఇంకొకరికి చెప్పారు. ఆ మనిషి తండాకు పోతే తారాబాయి చేతులు కడుక్కుంటూ, “ఇగ నేను పట్ట” అంది.

ఆ పురుగు ఏదో తేలేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి వర్నిలో చాలామంది చెరకు పీకేసి వరి వేశారు. ఒకనాడు బోధన్ బస్సులో వర్ని రైతు లింబయ్య అతని పక్కన కూర్చున్నాడు. రెండెకరాల తోట చేతులారా తగలబెట్టానని చెప్పి, ముఖం ఇటు తిప్పాడు.

“నువ్వు ఆ పురుగుల కాడ పనిజేస్తవట గద. గదేం పురుగు? ముందుగాల ఎన్నడన్న సూసిండ్రా?”

భోజన్న కిటికీ బయటికి చూశాడు.

“నేను పంపు కాడ జేస్త” అన్నాడు.