ఆ పెట్టె ఏ కంపెనీది?

మా నాయన కాలేసాబ్ మోపెడ్‌ను అతివేగంగా నడిపి, తనంతట తానే పడి చనిపోయాడని స్టేషన్‌లో రాసుకున్నారు. అతివేగమట! పరుపులు కుట్టి ఊరూరూ తిరిగి అమ్మే మనిషి ఆయన. వెనక రెండు పరుపులు, ముందు దూది మూట కట్టుకున్నాక ఆ మోపెడ్‌ను సైకిళ్ల మీద పోయే బడిపిల్లలు కూడా దాటేసి, వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. రాసినాయన ఒక్కసారి ఆ బండిని కళ్లతో చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు.

పెనుకొండ దాటి చెన్నేకొత్తపల్లి వైపు పోయే దారిలో, పట్టపగలు, ఏదో బండి వెనకనుంచి గుద్దింది. మోపెడ్ వెనక చక్రం లోపలికి వంగిపోయింది. తనంతట తాను పడితే వెనక చక్రం ఎందుకు వంగుతుందని అడిగాను. "సాక్ష్యం ఏమన్నా ఉంటే తీసుకురా పాపా" అన్నారు. చూసినవాళ్లు లేక కాదు. కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడని ఒక్కరూ నోరు విప్పలేదు.

ఇక మిగిలింది జయరామన్న దాణా అంగడి. నాయన పడిన చోటికి ఎదురుగానే ఉంది. రాత్రుళ్లు దాణా మూటలు పోతున్నాయని అన్న కెమెరా పెట్టించుకున్నాడు. ఆ కెమెరా మూటలతో పాటు రోడ్డునూ చూస్తుంది. చూసిందంతా టీవీ కింద ఉన్న నల్లపెట్టెలో ఉంటుంది. వారం దాటితే పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటుంది. నేను ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో పని చేస్తాను. మూడో దినం గోరీ దగ్గర చేసే జియారత్ ముగిసిన మర్నాడు, పనికి పోకుండా నేరుగా అన్న దగ్గరికి పోయాను. ఆ లారీయో బస్సో ఏదైనా సరే, దాని నంబరు నాకు కావాలి. నాయన మీద రాసిన ఆ మాట కొట్టేయించాలి.

అన్న మంచివాడే. కానీ పాత రికార్డింగ్ చూడాలంటే పాస్‌వర్డ్ అడుగుతోంది. అది బిగించినవాడికే తెలుసు. వాడు హిందూపురంలో అంగడి ఎత్తేసి బెంగళూరు చేరాడు, ఫోను పలకదు. పెట్టె తయారుచేసిన కంపెనీవాళ్లనే అడుగుదామన్నాను. అడగాలంటే ముందు అది ఏ కంపెనీదో తెలియాలి కదా. ముందువైపు డివిఆర్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ లేవు. తిరగేసి చూస్తే, స్టిక్కర్ ఉండాల్సిన చోట జిగురు మరక, దాని మీద మూడు విభూతి రేకలు, నడుమ కుంకుమ బొట్టు.

"ఆయుధపూజకు నేనే తుడిస్తి పాపా" అంది అన్న భార్య రాజేశ్వరమ్మ. "తడిగుడ్డకు పోలేదు. తీగపీచుతో రుద్దితి. మాసిన మిషన్ను పూజకు పెట్టకూడదు కదా."

ఆమెను ఏమనగలను? మా నాయన కూడా దూది ఏకే మిషన్‌కు ఆ రోజు నిమ్మకాయ కట్టేవాడు.

గోడ దగ్గర, పెట్టెకు కరెంటు అందించే అడాప్టర్ వేలాడుతోంది. దాని మీద స్టిక్కర్ చెక్కుచెదరలేదు. కంపెనీ పేరు, పొడుగాటి నంబరు, ఉచితంగా ఫోన్ చేసే నంబరు కూడా ఉన్నాయి.

"ఇంగేం కావాల? ఈడ ఉండాది చూడు పాపా" అన్నాడు అన్న. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫోన్ చేశాం. ఒక అమ్మాయి పలికింది. చాలా ఓపికస్తురాలు. "సర్, మీరు చదువుతున్నది పెట్టె మీద ఉన్న నంబరేనా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాడు అన్న. పెద్ద కంపెనీవాళ్లు అడిగితే అవునని తలూపడమే మనకు అలవాటు. నేనూ పక్కనే ఉండి ఊరుకున్నాను.

వెనకవైపు చిన్న బెజ్జం ఉంటుందని, లోపల బటన్‌ను పిన్నుతో నొక్కి, కూత వచ్చేదాకా పట్టుకోమని చెప్పింది. పాస్‌వర్డ్ ఒక్కటే పోతుందంది.

"రికార్డింగ్‌కు ఏం కాదు కదా?" అని గట్టిగా అడిగాను.

"మీ మోడల్‌లో ఏం కాదు మేడమ్."

ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. తన కంపెనీ పెట్టె గురించి చెప్పింది, పాపం. బెజ్జమూ ఆమె చెప్పిన చోటే ఉంది. అన్నకు చూపు ఆనలేదు. నా చున్నీ పిన్నీసు తీసి నేనే నొక్కాను. పెట్టె కూసింది. టీవీ ఆరిపోయి మళ్లీ వెలిగింది. పాస్‌వర్డ్ అడగలేదు. నాయన పోయిన తేదీ పెట్టాను. ఖాళీ. దాని ముందు రోజు పెట్టాను, ఖాళీ. నిన్నటిదీ ఖాళీ.

రాజేశ్వరమ్మ గోడ వైపు చూసింది. "ఆ అడాప్టర్ దీనిది కాదు కదా. ముందుది కాలిపోతే ధర్మవరంలో వేరేది తెస్తిరి" అంది మొగుడితో.

అన్న నెత్తి మీద చేతులు పెట్టుకుని మూటల మీద కూలబడ్డాడు. నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే సుమంత్ మరలు విప్పి, లోపల బోర్డు మీద టార్చి వేసి చదివాడు.

"ఇది వేరే కంపెనీదక్కా. దీంట్లో ఆ బటన్ నొక్కితే డిస్కంతా తుడిచేస్తాది."

సాయంత్రం దాకా వెతికాడు. ముక్కలు ముక్కలుగా ఏవేవో దొరికాయి. దాణా మూటలు, ఒక ఆవు, టీ తాగుతూ జయరామన్న. నాయన పోయిన పూట మాత్రం దొరకలేదు. అసలు కంపెనీకి కూడా ఫోన్ చేయించాను. ముందే చేసి ఉంటే, రికార్డింగ్ పోకుండా అక్కడికక్కడే పాస్‌వర్డ్ మార్చి ఇచ్చేవాళ్లమన్నారు. ఆ మాట వినకుండా ఉన్నా బాగుండేది.

స్టేషన్‌లో అతివేగం అట్లే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ మున్నీబీ లోపలి గదిలో కూర్చుని ఉంది. ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పైన గడప దాటకూడదు.

"చూస్తివా?" అంది.

"చూస్తినమ్మా." నోరు దానంతటదే అనేసింది. "లారీ. వెనకనుంచి గుద్దె. నాయన పక్కకే, మెల్లగానే పోతాండె."

"నేను చెప్పలా? ఆయప్ప ఎప్పుడన్నా గట్టిగా తోలినాడా?" అని అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ నా వైపు తిరిగింది. "పడినాంక? చానాసేపు పడుండెనా ఆడ? ఎవరన్నా దగ్గరికొచ్చిరా?"

నేను లారీ నంబరు కోసం పోయాను. అమ్మ మూడు దినాలుగా దీని గురించే కుమిలిపోతోందని నాకు తట్టనే లేదు.

"లేదమ్మా, అప్పటికప్పుడే పోయె. నొప్పి కూడా తెలిసిండదు."

"నిజంగా?"

"నిజంగానేమా."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వదలకుండానే మెల్లగా అంది, "ఇద్దత్ తీరినాంక నన్నూ ఆడికి పిల్చుకపో సఫియా. గుద్దేది నాకు చూపించొద్దు. దానికి ముందర, బండి మీద వస్తాంటాడు కదా, అంతమటుకు చూస్తా."

సరేమా అన్నాను.